నమూనా మా వద్ద ఉంచుకున్నాము

నాకు కోపం ఎక్కువ. తిరుప్పూరులో మా బనియన్ కంపెనీ చెకింగ్ సెక్షన్‌లో ఎవర్ని అడిగినా ముందు ఆ సంగతి చెప్పి, ఆ తర్వాతే నా పేరు పూంగొడి అని చెప్తారు. రోజుకి ఎనిమిది వందల బనియన్లు టేబుల్ మీద పరిచి, జారిన కుట్టూ నూనె మరకా సూది రంధ్రమూ వెతకడం నా పని. తప్పు కనిపించిన చోట ఒక చిన్న బాణం గుర్తు స్టిక్కరు అంటించి పక్కన పడేస్తాను. మనుషుల మీద కూడా అలాగే అంటిస్తానని పక్క టేబుల్ దైవానై అక్క అంటుంది.

"నీ స్టిక్కర్లకి జడిసే నీ మొగుడు పారిపోయాడే," అంది ఒకసారి, అందరూ వింటుండగా.

"పోనీలే అక్కా. అది మొదట్నించీ మరకలున్న సరుకే," అన్నాను.

నవ్వారు. నేనూ నవ్వాను. విడాకుల కాగితాలు మాత్రం బీరువాలో అడుగున ఉండేవి.

మా పైఅంతస్తులో అద్దాల గది ఒకటి ఉంది. అందులో కూర్చునే వాళ్ళని మర్చండైజర్లంటారు. జర్మనీ వాడికీ ఇంగ్లండ్ వాడికీ ఉత్తరాలు రాసేదీ, బయ్యర్‌కీ ఫ్యాక్టరీకీ మధ్య నిలబడి ఇద్దరి తిట్లూ తినేదీ వాళ్ళే. కింద పదేళ్ళు తలవంచుకుని మరకలు చూశాక, ఆ కుర్చీలో కూర్చోవాలని నాకు ఆశ పుట్టింది. దానికి వ్యాపార ఇంగ్లీషు రావాలన్నారు. అందుకే బుధవారాలు ఓవర్‌టైమ్ మానేసి, రైల్వే గేటు దగ్గర బేకరీ మీద ఆరోక్యసామి సార్ నడిపే సాయంత్రం క్లాసులో చేరాను.

సార్ ముప్పై ఏళ్ళు ఎక్స్‌పోర్టు కాగితాలు టైపు చేసి రిటైరైన మనిషి. కింద బన్నులు కాలుతుంటే పైన మేం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం. క్లాసులో ఎవరి నోట తమిళం ముక్క వచ్చినా లేచి బోర్డు తుడవాలి. వారానికి అయిదు నుడికారాలు బట్టీ పట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైంది బుధవారం ఉత్తరం. క్లాసులో ఇద్దరిద్దర్ని జత చేసి, ఒకరిని బయ్యర్‌గా ఇంకొకరిని సప్లయర్‌గా పెట్టేవారు. వాళ్ళు వారానికొక వ్యాపార ఉత్తరం రాసుకోవాలి. ఉత్తరాలన్నీ ఒక అట్టపెట్టెలో వెయ్యాలి. సార్ వాటిని ఎర్ర పెన్నుతో దిద్ది ఎవరివి వాళ్ళకి ఇచ్చేవారు.

"సరుకు సంగతి మీది, భాష సంగతి నాది. మీరు ఏనుగులమ్ముకున్నా నాకనవసరం, ఏనుగు స్పెల్లింగు సరిగ్గా ఉండాలి," అనేవారు.

చీటీలు తీస్తే నా జతగా నిరాకార్ బెహెరా వచ్చాడు. వేరే కంపెనీలో కటింగ్ మాస్టర్. ఒడిశాలో జాజ్‌పూర్ దగ్గరి వాడు, నాలుగేళ్ళుగా ఇక్కడున్నాడు. వచ్చిన తమిళమంతా కటింగ్ టేబుల్ దగ్గర పనికొచ్చేదే. ఆపు, కొయ్యి, టీ, రేపు. నాకు ఒడియా రాదు, హిందీ రాదు. ఇద్దరికీ మధ్య మిగిలింది ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషులో కూడా సార్ నేర్పినంతే తెలుసు. ధర అడగడం, ఆలస్యానికి క్షమాపణ చెప్పడం, నాణ్యత గురించి ఫిర్యాదు చేయడం. దాంట్లో ప్రేమకి సంబంధించిన మాట ఒక్కటి కూడా లేదు.

అతను బయ్యర్, నేను సప్లయర్. మొదటి ఉత్తరం హాంబర్గులోని బైతరణి ట్రేడర్స్ నుంచి వచ్చింది. బైతరణి వాళ్ళ ఊరి పక్కన పారే ఏరట. మా ఇంటి భాష తెలుగు. ఇంగ్లీషులో ఉన్నది నాకు తెలుగులో, మన పాత ఆఫీసు కాగితాల భాషలో వినిపిస్తుంది కనక అలాగే చెప్తాను.

"అయ్యలారా, తమ సంస్థ గూర్చి విశ్వసనీయ వర్గముల ద్వారా తెలిసినది. తమతో వ్యాపార సంబంధము నెలకొల్పుకొనగోరుచున్నాము. ఇట్లు, తమ విశ్వాసపాత్రుడు."

సార్ ఇచ్చిన నమూనా ఉత్తరంలో 'అయ్యలారా' అని ఉంది కాబట్టి అతను నన్ను ఎప్పుడూ అయ్యలారా అనే పిలిచాడు. కింద సంతకం దగ్గర విశ్వాసపాత్రుడు అని తప్పకుండా ఉండేది. ఆరేళ్ళు కాపురం చేసినవాడు ఒక్కసారి అనని మాట ఈ మనిషి వారం వారం సంతకం పెట్టి ఇచ్చేవాడు. అది వాడుక మాటేనని తెలుసు. తెలిసినా ఆ ఒక్క లైను రెండుసార్లు చదివేదాన్ని.

ఒకసారి జ్వరమొచ్చి క్లాసుకి పోలేదు. తరువాతి ఉత్తరం ఇలా వచ్చింది. "గత వారము తమ సరఫరా నిలిచిపోయినది. మా కార్యకలాపములకు మిక్కిలి ఇబ్బంది కలిగినది. కారణము తెలుపగలరు." నేను జవాబు రాశాను. "యంత్రములో సాంకేతిక లోపము. సరిచేయబడినది. అసౌకర్యమునకు చింతించుచున్నాము." ఆ రోజు క్లాసు వదిలాక కింద బేకరీ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు కొబ్బరి బన్నులు.

"మేడం, యంత్రం ఇప్పుడు బాగానా?" అన్నాడు, వచ్చీరాని తమిళంలో.

"బాగానే తిరుగుతోంది. మీకేం నష్టం రాలేదు కదా?"

"వచ్చింది. చాలా," అన్నాడు నవ్వకుండా. బన్ను నా చేతిలో పెట్టాడు.

అప్పట్నించి బుధవారం క్లాసయ్యాక పావుగంట టీ అలవాటైంది. మా మాటలు వింటే ఎవరైనా పగలబడి నవ్వాల్సిందే. వాళ్ళమ్మని హెడ్డాఫీసు అనేవాడు. "హెడ్డాఫీసు ఫోను చేసింది. అన్నం తిన్నానా అని ఎంక్వయిరీ," అనేవాడు. వాళ్ళ ఊళ్ళో వరదొచ్చిందంటే, ఏరు లెవెల్ ఎక్కువ, ఇంట్లో స్టాకు తడిసింది అనేవాడు. స్టాకు అంటే బియ్యం. నేను మా అన్నయ్యతో తగువు పడితే, స్థానిక యాజమాన్యంతో వివాదం నడుస్తోందని చెప్పేదాన్ని. సార్ 'ఒకే పేజీలో ఉండటం' అన్న నుడికారం నేర్పిన రోజు, టీ గ్లాసు మీంచి నా వైపు చూసి, "మేడం, మనం ఒకే పేజీ?" అని అడిగాడు. నేను పుస్తకం తెరిచి, "ఇరవై మూడు," అన్నాను. నవ్వి నవ్వి టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

దైవానై అక్క ఊరుకుంటుందా. "ఆ ఒడియా పిల్లాడు బాగున్నాడే. ఏం మాట్లాడుకుంటారే మీరిద్దరూ?"

"డెలివరీ తేదీలు."

"సిగ్గులేదూ!" అని నడుం మీద ఒకటి చరిచింది.

నవంబరులో నమూనాల పాఠం వచ్చింది. మా ఊళ్ళో పద్ధతి ఇది. సప్లయర్ బట్ట ముక్క పంపుతాడు. బయ్యర్ చూసి నచ్చితే దాని మీద సంతకం, తేదీ వేసి, ముక్కని రెండుగా కోసి సగం తిప్పి పంపి సగం తన దగ్గర ఉంచుకుంటాడు. తర్వాత ఎన్ని వేల బనియన్లు చేసినా ఆ సగం పక్కన పెట్టి రంగు చూడాల్సిందే. నేను మా రిజెక్టు బుట్టలోంచి అరచెయ్యంత నీలం బట్ట కత్తిరించి ఉత్తరానికి గుచ్చాను. తర్వాతి బుధవారం సగం తిరిగొచ్చింది. ఎంతైనా కటింగ్ మాస్టర్ చెయ్యి. స్కేలు పెట్టినా అంత నిటారుగా రాదు. మధ్యకి కోసిన సంతకంలో సగం నా ముక్క మీద, సగం అతని ముక్క మీద. దాన్ని తీసుకెళ్ళి బీరువాలో, విడాకుల కాగితాల మీద పెట్టాను.

ఏట్లోకి రంగునీళ్ళు వదులుతున్నారని అద్దకం యూనిట్లన్నీ కోర్టు మూయించిన ఏడాది అది. జనవరి చివర్న ఊళ్ళో బట్ట కరువొచ్చింది. రంగు వెయ్యకపోతే బట్ట లేదు, బట్ట లేకపోతే కటింగ్ లేదు. అతని టేబుళ్ళు ఖాళీ అయ్యాయి. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మూటలు కట్టుకుని రైలెక్కుతున్నారు. ఫిబ్రవరి తొమ్మిదిన నాకు ఈ ఉత్తరం వచ్చింది.

"అయ్యలారా, ఢిల్లీలోని ఒక సంస్థ మమ్ము పిలిచినది. అంగీకరించుటకు ముందు ఒక విషయము తెలుసుకొనదలచితిమి. మాతో దీర్ఘకాలిక ఒప్పందము తమ సంస్థకు సమ్మతమేనా? సమ్మతమైనచో మేము తిరుప్పూరులోనే ఉండిపోవుదుము. ఈ ప్రతిపాదన ఈ నెల 28 వరకు చెల్లును. బంతి ఇప్పుడు తమ వైపున ఉన్నది. తమ శీఘ్ర ప్రత్యుత్తరమునకై ఎదురుచూచుచు, తమ విశ్వాసపాత్రుడు."

సార్ ఒక్క చోటే, స్పెల్లింగు తప్పిన దగ్గర, ఎర్ర సున్నా చుట్టారు.

మెట్ల మీద నిలబడి చదివాను. దిగాల్సిన మెట్లు మళ్ళీ పైకెక్కాను. సంతోషం అంటే అదేననుకుంటాను, నాకు అంతకుముందు అలవాటు లేదు. బేకరీ ముందు నిలబడి ఉన్న మనిషి నా మొహం వంక కూడా చూడలేక, సైకిలు గంట తుడుస్తున్నాడు. నేను అతన్ని దాటుకుని బస్సెక్కేశాను. అప్పుడే అతని దగ్గర ఆగి సరేనని ఉంటే ఈ కథ లేదు.

ఎందుకు అనలేదంటే చెప్తాను. మొదటి పెళ్ళికి అడగ్గానే తలూపాను. ఆ తలూపుడికి ఆరేళ్ళు పోయాయి. "అడగ్గానే ఎగిరి గంతేశావు కదా, నీకు దిక్కెవరు," అని ఆ మనిషి ప్రతి గొడవలో అనేవాడు. ఈసారి రెండుసార్లు అడిగించుకోవాలనుకున్నాను. పైగా మా ఊళ్ళో బేరమంటేనే అంత. మొదటి మాటకే సరే అన్నవాణ్ణి ఎవరూ లెక్కచెయ్యరు. కుదరదని లేచి, చెప్పులు తొడుక్కుని, గుమ్మం దాకా పోవాలి. అక్కణ్ణించి పిలిచి కూర్చోబెడతారు, టీ వస్తుంది, అప్పుడు అసలు బేరం. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. సార్ కూడా అదే నేర్పారు. మొదటి ఉత్తరానికి మర్యాదగా వద్దనండి, రెండోదానికి చూద్దామనండి, మూడోదానికి సంతకం పెట్టండి అని.

కాబట్టి ఇలా రాశాను. "తమ ప్రతిపాదనకు ధన్యవాదములు. ప్రస్తుత పరిస్థితులలో అంగీకరించుటకు వీలుపడదని తెలుపుటకు చింతించుచున్నాము." చివర్న 'మరల వ్రాయగలరు' అని రాశాను. బతిమాలినట్టుందని కొట్టేశాను. కొట్టేసిన గీత కనపడకూడదని మొత్తం మళ్ళీ శుభ్రంగా ఎత్తి రాశాను.

పదహారో తేదీన సార్ పెట్టె విప్పి ఉత్తరాలు దిద్దుతూ, నాది చేతికి రాగానే ఆగిపోయారు. కళ్ళద్దాలు తీశారు. నా దగ్గరికొచ్చి, క్లాసంతా ఉలిక్కిపడేలా, అచ్చ తమిళంలో అడిగారు.

"అమ్మాయ్, ఈ ఉత్తరం పోవాలా?"

"తప్పులున్నాయా సార్?"

"ఒక్కటీ లేదు. అందుకే అడుగుతున్నా. పోవాలా?"

"పోవాలి సార్," అన్నాను. తలెత్తి, గట్టిగా. నా పొగరు అలాంటిది.

తమిళం మాట్లాడినందుకు సార్ తనే వెళ్ళి బోర్డు తుడిచారు. ఉత్తరం నిరాకార్ చేతికిచ్చారు. అతను చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు బేకరీ దగ్గర ఆగలేదు. నాకు లోలోపల నవ్వొచ్చింది కూడా. గుమ్మం దాకా పోతున్నాడు, పోనీ, వచ్చే బుధవారం మళ్ళీ అడుగుతాడు అనుకున్నాను. ఆ వారం ఒక్క బనియన్‌కి కూడా స్టిక్కరు అంటించలేదని దైవానై అక్క ఆశ్చర్యపోయింది.

ఇరవై మూడో తేదీన అతను రాలేదు. పెట్టెలో లావుపాటి కవరుంది. అప్పటిదాకా నేను రాసిన ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి, తేదీల వరసలో. పైన చివరి ఉత్తరం. "తమ నిర్ణయమును గౌరవించుచున్నాము. తమ సంస్థ దినదినాభివృద్ధి చెందవలెనని కోరుచున్నాము." కింద జతపరచిన వాటి పట్టీ. "ఉత్తరములు, పద్నాలుగు. నమూనా, ఒకటి, మా వద్ద ఉంచుకున్నాము."

ఫోను నంబరు లేకపోలేదు. ఫోనులో ఏ భాషలో ఏమని చెప్పను? నాలుగు రోజులు ఆ ప్రశ్నతోనే గడిపాను. అయిదో రోజు చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది. అప్పుడు కోపమొచ్చింది. ఒక్కసారి కాదంటే మళ్ళీ అడగలేని మగవాడు ఏం మగవాడు అనుకున్నాను. అన్నీ తిప్పి పంపినవాడు నా బట్ట ముక్క మాత్రం ఎందుకు నొక్కేశాడు, కటింగ్ వాళ్ళ చేతివాటం అంతేలే అని కూడా అనుకున్నాను. వాళ్ళ ఊళ్ళో గుమ్మం దాకా పోయే అలవాటు లేదని, కాదంటే కాదనే అర్థమని, నాకు తట్టడానికి చాలా కాలం పట్టింది. అంత దగ్గరగా ఉండి, నేనతన్ని అడగని సంగతి అదొక్కటే.

రెండేళ్ళకి అద్దాల గదిలోకి చేరాను. కుర్చీ మెత్తగానే ఉంది. కిందనుంచి చూసినంత బాగా మాత్రం లేదు. ఒకరోజు ఒక డచ్ బయ్యర్ ఆర్డరు రద్దు చేశాడు. నేను ఫైలు కట్టి అలమరలోకి పెడుతుంటే మా మేనేజరు కనకరాజ్ సార్ చూశారు.

"శాంపిల్ తిరిగొచ్చిందా?"

"లేదు సార్. వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారట."

"మరి ఫైలెందుకు మూస్తావమ్మా? పదేళ్ళు కింద పనిచేశావ్, ఈ మాత్రం తెలీదా? వద్దనుకున్నవాడు శాంపిల్ తిప్పికొడతాడు. ఉంచుకున్నాడంటే మనసు చావలేదన్నమాట. ఆ ఫైలు బల్లమీదే ఉండనీ. మనమే ఒకసారి అడిగి చూడాలి."

ఫైలు తిరిగి బల్లమీద పెట్టేశాను. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికెళ్ళి బీరువా తెరిచాను. 'మా వద్ద ఉంచుకున్నాము.' అతను నాలుగేళ్ళు మా ఊళ్ళో పనిచేసినవాడు. ఆ మాటకి ఇక్కడ విలువేంటో నాకంటే ముందే తెలిసినవాడు. గుమ్మం దాకా పోయి, నేను పిలుస్తానేమో అని అతనే నిలబడ్డాడు. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఢిల్లీ ఆఫీసు చిరునామా ఆరోక్యసామి సార్ దగ్గర దొరికింది. అతని ఉద్యోగానికి సర్టిఫికెట్ రాసిచ్చింది ఆయనే. సార్ అక్కడే బేకరీ మీద, క్లాసు లేని హాల్లో ఒక్కరే కూర్చుని ఉన్నారు. నేను రాసుకొచ్చిన ఉత్తరం ఇచ్చాను.

"అయ్యా, తమ మొదటి ప్రతిపాదన మా సంస్థకు పూర్తిగా సమ్మతము. అప్పుడునూ సమ్మతమే. ఇంకను చెల్లుబాటులో ఉన్నదేమో తెలుపగలరు. మరల వ్రాయగలరు."

సార్ ఎర్ర పెన్ను మూత తీసి, చదివి, మళ్ళీ మూత పెట్టేశారు.

"తప్పుల్లేవా సార్?"

"ఉన్నాయి. ఉండనీ."

పన్నెండో రోజున జవాబు వచ్చింది. కొరియరు కవరు మరీ పల్చగా ఉంది. చేత్తో తడిమితేనే లోపల బట్ట తగిలింది. తగలగానే నాకు సంగతి తెలిసిపోయింది. అయినా విప్పాను.

"తమ ఉత్తరము అందినది. మిక్కిలి సంతోషించితిమి. ఆలస్యమునకు మాదియే బాధ్యత, మేమే మరల అడిగి ఉండవలసినది. గత వైశాఖమున మా హెడ్డాఫీసు వేరొక సంస్థతో ఒప్పందము కుదిర్చినది. ఆ సంస్థ మంచిది. కావున నమూనా తిప్పి పంపుచున్నాము. ఇట్లు, తమ విశ్వాసపాత్రుడు."

మా అద్దాల గదిలో రంగులు పోల్చడానికి ప్రత్యేకంగా ఒక లైటుంది. అందరూ భోజనానికి పోయాక దాని కింద రెండు సగాలనీ పక్కపక్కన పెట్టాను. నా సగం బీరువాలో ఉండి ఉండి ఇంకా కొత్త నీలం. అతని సగం తెల్లబారిపోయింది. నాలుగు మడతల దగ్గర దారం అరిగిపోయి వెలుతురు కనిపిస్తోంది. పదేళ్ళు బట్ట చూసినదాన్ని. చొక్కా జేబులో మడిచి పెట్టుకుని, మరిచిపోయి చొక్కాతో పాటు ఉతికి, ఆరేసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, రోజూ అలా తిరిగితే తప్ప బట్ట అలా అవదు. సంతకం దగ్గర మాత్రం సిరా మీద మళ్ళీ సిరా దిద్ది ఉంది. ఒకసారి కాదు, చాలాసార్లు.

రంగు కలవలేదు. రంగు కలవని సరుకుని మేం తిరస్కరిస్తాం.

రెండు సగాలనీ అంచులు కలిపి, ఒకటే పిన్నుతో గుచ్చాను. శాంపిల్ తిరిగొచ్చింది కాబట్టి మా ఇద్దరి ఫైలు మూశాను. పద్ధతి ప్రకారం అలమరలో పెట్టాల్సింది. ఇంటికి తెచ్చుకున్నాను.